జాహిద్ భాయ్ చెప్పని పాస్‌వర్డ్

ఏలూరులో మా చేపల కంపెనీ మేడ మీద కిటికీ లేని గది ఒకటుండేది. అందులో ఉండేది మెయిల్ సర్వర్, ఏసీ, జాహిద్ భాయ్. ముగ్గురిలో ఏసీ ఒక్కటే అప్పుడప్పుడూ పని మానేసేది.

నేను ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి కింద బిల్లులు కొట్టే పనిలో చేరిన కొత్తలో, ఈయన రోజంతా ఏం చేస్తాడో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే తెర చూపించాడు. అక్షరాలు చీమల బారులా పైకి పాకుతున్నాయి.

"ఇది లాగ్ ఫైలురా. ఎవరు ఎవరికి మెయిల్ పంపారు, చేరిందా లేదా, అన్నీ మిషను రాసుకుంటుంది. పనికిమాలిన మెయిలొచ్చినా రాస్తుంది. దీనికి అలుపు లేదు."

"చెరిపెయ్యొచ్చుగా?"

"మీ మెయిలు రాలేదని కలకత్తా పార్టీ అడ్డం తిరిగితే? మనకున్న సాక్ష్యం ఇదే."

మా యజమాని వీరవెంకటరమణ గారు కొత్త డిస్కు కొనరు, పాత ఫైలు చెరపనివ్వరు. "ఉన్నదాంట్లోనే సర్దండి" అంటారు. అందుకని మిల్లులో తవుడును సంచిలోకి తొక్కినట్టు, జాహిద్ భాయ్ రోజూ ఆ ఫైలును నొక్కి చిన్నది చేసేవాడు. నొక్కే ముందు మెయిల్ ప్రోగ్రామ్‌ను కాసేపు ఆపాలి. యజమాని కుర్చీలో ఉండగా ఆపితే కొంప మునుగుతుంది. కొల్లేటి చెరువుల దగ్గర లారీ కదలాలంటే కొనేవాళ్ళ నుంచి మెయిలు రావాలి మరి. ఆయన ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడే ఈయన ఆపాలి. శుక్రవారమూ అదే వేళ. అలా జుమ్మా నమాజుకు వెళ్ళడం మానేసి ఏళ్ళయింది. ఇంటి దగ్గర్నుంచి భార్య మున్నీ గారు ఫోన్ చేసి, "మీ పెద్ద పెళ్ళాం భోంచేసిందా? ఇంక మీరూ తినండి" అని ఆ మిషను గురించి దెప్పేవారు. ఈయన నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఉద్యోగం ఖాళీ పడింది. సాయంత్రం తాళం వేసి ఇంటికెళ్ళిపోయే ఉద్యోగం. జాహిద్ భాయ్‌ని ఇంటర్వ్యూకి పిలిచారు. పెంటపాడులో చుట్టాలింటికని యజమానిని సెలవడిగాడు.

"వెళ్ళిరండి జాహిద్ గారూ. మెయిల్ మాత్రం ఆగకూడదండి. రేపు లారీల తొందరుంది, నేను భోజనానికి కూడా కదలను."

దాంతో, ఫైలును తనంతట తానే నొక్కేసే చిన్న స్క్రిప్ట్ ఒకటి రాశాడు. యజమాని కదలనన్నారు కదా అని, ప్రోగ్రామ్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టే వరుసలు అందులో పెట్టలేదు. ఇంత తెలిసిన మనిషి ఆ మాటకు భయపడి అక్కడ తప్పాడు.

"పాస్‌వర్డ్ నాకు చెప్పి వెళ్ళండి భాయ్, ఏదైనా అయితే చూస్తాను."

"చెబితే వీళ్ళకి నాతో పనేముంటుందిరా? ఆ ఉద్యోగం రానీ, చెప్తాలే."

నేను చూడ్డానికి వీలుగా ఒక తెర తెరిచిపెట్టి వెళ్ళాడు. ముట్టుకోవాలంటే పాస్‌వర్డ్ ఉండాల్సిందే.

మర్నాడు పొద్దెక్కేసరికి మెయిల్ ఆగిపోయింది. వీరవెంకటరమణ గారు మెట్లెక్కి వచ్చి నా వెనక నిలబడ్డారు. నేను ఫోన్ చేశాను.

"భాయ్, డిస్కు నిండిపోయిందని చూపిస్తోంది. స్క్రిప్టు పాత ఫైలును నొక్కింది, తీసేసింది. చోటు మాత్రం రాలేదు."

"అబ్బా..." అన్నాడు. "ప్రోగ్రామ్ పాత ఫైలును వదల్లేదురా. మనకి కనపడకుండా ఇంకా దాంట్లోనే రాస్తోంది. ఒక్కసారి ఆపి మొదలెడితే చాలు."

"పాస్‌వర్డ్ చెప్పండి, కొట్టేస్తా."

అవతల ఎవరో "జాహిద్ గారండీ, లోపలికి రండి" అని పిలవడం నాక్కూడా వినపడింది.

"భాయ్, పిలుస్తున్నారు. చెప్పేసి వెళ్ళండి!"

"వినపడింది."

"ఒక్క మాటే కదండీ!"

"ఏమీ ముట్టుకోకు. నేనొస్తున్నా."

"ఏవంటారు?" అన్నారు యజమాని.

"వస్తున్నారంటండి."

"నే చెప్పలా, మనిషి బంగారం" అన్నారాయన. ఇంతలో లారీల వాళ్ళు ఫోన్ చేస్తే వాళ్ళని తిట్టడానికి కిందికి దిగారు.

మధ్యాహ్నం జాహిద్ భాయ్ సర్టిఫికెట్ల కవరు చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. చొక్కా చెమటకు వీపుకి అంటుకుపోయింది. మెట్ల మీదే యజమాని ఎదురయ్యారు.

"చుట్టాలు అప్పుడే పంపేశారాండీ?"

"మీ మీద బెంగెట్టుకుని వచ్చేశానండి."

ఆయన పడీపడీ నవ్వారు. జాహిద్ భాయ్ పాస్‌వర్డ్ కొట్టాడు, వేళ్ళ మీద రెండో చెయ్యి అడ్డం పెట్టుకుని. ప్రోగ్రామ్ ఆపి, మొదలుపెట్టాడు. డిస్కులో చోటు వచ్చేసింది. బెల్లం ముక్క నోట్లో వేసుకునేంత సేపు కూడా పట్టలేదు.

తర్వాత స్క్రిప్టు తెరిచాడు. ఆపే వరుస, మొదలుపెట్టే వరుస రెండూ చేర్చాడు. రోజూ యజమాని భోజన వేళకు దానంతటదే నడిచేలా సమయం కూడా పెట్టాడు. నేను ఎగిరి గంతేశాను.

"ఇంక మీరు రానక్కర్లేదు భాయ్! శుక్రవారం మసీదుకి పొండి."

ఆయన తెర వంకే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత స్క్రిప్టులోని ప్రతి వరుస ముందూ ఒక్కో గుర్తు కొట్టాడు. ఆ గుర్తుంటే మిషను ఆ వరుసను పట్టించుకోదు. అంతమాత్రం నాకూ తెలుసు.

"అదేంటండీ?"

"ఉండనీరా."

"గూడెం వాళ్ళు?"

"ఈపాటికి ఎవర్నో తీసేసుకుని ఉంటారు."

ఆ శుక్రవారం యజమాని భోజనానికి దిగారు. వీధిలో వాళ్ళు టోపీలు పెట్టుకుని మసీదు వైపు నడుస్తున్నారు. పైన తలుపు వేసిన గదిలోంచి కీబోర్డు చప్పుడు వినపడింది.