పదకొండు మంది, పదకొండు ప్లాట్లు

మా చిన్నప్పుడు... ఆదివారం తెల్లారితే చాలు, దిల్‌సుఖ్‌నగర్ అద్దె ఇంటి నుంచి సైకిల్ మీద ముందు నేను, వెనక ఉప్మా క్యారియర్‌తో అమ్మ... నాన్న తొక్కుకుంటూ కర్మన్‌ఘాట్ అవతల బీడుకి తీసుకెళ్ళేవాడు. అక్కడ మా నాన్న గోల్‌కీపర్.

వారమంతా బ్యాంకులో గుమాస్తా. ఆదివారం మాత్రం కళ్ళద్దాలు తీసి అమ్మ చేతికిచ్చి, రెండు నీలగిరి కట్టెల మధ్య నిలబడేవాడు. బంతి చేతికి చిక్కగానే తలెత్తి, ఎవరు ఖాళీగా ఉన్నారా అని చూసి, అంత దూరం విసిరేవాడు. అద్దాలు లేకుండా ఎలా కనబడేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ బీడు యాదగిరి మామ వాళ్ళది. ఆయన మాకు చుట్టమేం కాదు... ఊళ్ళో పాత రైతు కుటుంబం. సిటీలో కాలేజీకి వెళ్ళి ఫుట్‌బాల్ పిచ్చి అంటించుకొచ్చాడు. జొన్న వేయడం మానేసిన చేలో ఊరి పిల్లల్ని పోగేసి ఆడించాడు. తర్వాత కాలనీలు లేచాయి. మా నాన్న లాంటి కోస్తా వాళ్ళు, బస్సు డిపో మెకానిక్కులు, టీచర్లు వచ్చి చేరారు. అందరూ 'బీడు క్లబ్బు' అనేవారు.

మొదట్లో ఒట్టి కాళ్ళతోనే ఆడారు. తర్వాత ఆకుపచ్చ బనియన్లు వచ్చాయి. సిటీ లీగులో అట్టడుగున చేరి, ఒక మెట్టు ఎక్కారు. ఇద్దరు కుర్రాళ్ళకి ఆట మీదే సర్కారు ఉద్యోగాలు వచ్చాయి. ఆ రోజు యాదగిరి మామ అందరికీ జిలేబీ పంచుతూ, "సూడుండ్రి సార్, ఓ రోజు మన క్లబ్బే జీతాలిచ్చి ఆడిపిస్తది" అన్నాడు. నాన్న నవ్వలేదు. నిజంగానే నమ్మాడు.

ఆ తర్వాత యాదగిరి మామ అన్నదమ్ములు పంపకాలు అడిగారు. చుట్టూ భూములన్నీ వెంచర్లవుతుంటే ఈయనొక్కడూ ఎంతకాలం ఆపగలడు? చివరికి ఒక్క షరతు పెట్టి, బీడుని ప్లాట్లు చేసి అమ్మడానికి ఒప్పుకున్నాడు... మొదట టీమువాళ్ళకే ఇవ్వాలని.

"బయటోళ్ళు కొంటె ఆడనియ్యరు. మనోళ్ళే తీస్కుంటె గ్రౌండు మన చేతులనే ఉంటది. జర ఆగి ఆఖరికి కట్టుకుందాం" అన్నాడు.

అందరికీ ఆ మాట ఎంత నచ్చిందో. పదకొండు మంది తలో ప్లాటు తీసుకున్నారు. మాకు గోల్ ఉన్న ప్లాటే వచ్చింది. నాన్న పనిగట్టుకుని అదే అడిగాడు. నేను జామచెట్టు ఎక్కడ పెట్టాలో, ఉయ్యాల ఎక్కడ కట్టాలో కాలితో గీసి మరీ చూపించాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

ఎవరూ మోసం చేయలేదు... అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఒకాయన తల్లికి ఒంట్లో బాగోలేదని ఇల్లు కట్టాడు. ఇంకొకాయన చెల్లెలి పెళ్ళికి ముందు సొంతిల్లు ఉండాలని కట్టాడు. "నా ఒక్కటే కదా సార్, మూలకున్నది" అని తప్పు చేసినవాడిలా స్వీటు డబ్బా తెచ్చి చెప్పేవారు. మేమూ వెళ్ళి గృహప్రవేశం భోజనాలు చేసి వచ్చేవాళ్ళం. ఒక్కో భోజనానికి గ్రౌండు ఒక్కో ముక్క తగ్గింది.

ప్రాక్టీసుకి మనుషులూ తగ్గారు. ఒకరికి పునాది, ఒకరికి స్లాబుకి నీళ్ళు పట్టాలి. లీగులో ముఖ్యమైన మ్యాచ్ రోజున మా సెంటర్ ఫార్వర్డ్ ఇంటికి స్లాబు పోశారు. సాయానికి ఇంకో నలుగురు అక్కడే ఉండిపోయారు. మైదానంలోకి ఆరుగురే దిగితే, కనీసం ఏడుగురైనా ఉండాలని రిఫరీ ఆటే మొదలుపెట్టలేదు. మళ్ళీ అట్టడుగుకి జారారు. మరుసటి ఏడు పేరే ఇవ్వలేదు.

చివరికి మా ప్లాటు ఒక్కటే మిగిలింది. నాన్న రెండేళ్ళు కదల్లేదు. పిల్లలెవరైనా వచ్చి ఆడతారని చూశాడు. ఇంతలో ఇంటాయన ఖాళీ చేయమన్నాడు.

"పిల్లని పెట్టుకుని ఎక్కడికి పోదామండీ? ఇంకా ఎన్నాళ్ళు ఆ కర్రలకి కాపలా కాస్తారు?" అంది అమ్మ. నాన్న నా వంక చూశాడు. నేను 'వద్దు' అనలేదు. నాకు ఇల్లు కావాలి.

శంకుస్థాపనకి ముందురోజు సాయంత్రం యాదగిరి మామే గడ్డపార పట్టుకుని వచ్చాడు. చంకలో పాత బంతి. "పీకెయ్యాలె గద సార్... నేనే పీకుత" అన్నాడు. బంతి చేతిలోకి తీసుకుని, "అంతకుముందు ఒక్కటి కొట్టనా?" అన్నాడు.

నాన్న అద్దాలు తీసి అమ్మకిచ్చి, కట్టెల మధ్య నిలబడ్డాడు. యాదగిరి మామ వెనక్కి నాలుగు అడుగులు వేసేసరికి వీపుకి ఎదురింటి గోడ తగిలింది. అది మా టీములో లెఫ్ట్ బ్యాక్ ఆడినాయన ఇల్లు. అక్కడి నుంచే కొట్టాడు.

నాన్న ఎడమ వైపు దూకి పట్టేశాడు. లేచాడు... అలవాటు కదా, బంతి విసరడానికి తలెత్తి చూశాడు.

మూడు పక్కలా గోడలు. మేడ మీద చీరలు ఆరేసి ఉన్నాయి. నాన్న బంతి పట్టుకుని అటూ ఇటూ చూస్తూనే ఉన్నాడు. "దింపుండ్రి సార్" అన్నాడు యాదగిరి మామ మెల్లిగా. నాన్న దింపలేదు. నాకు ఏడుపొచ్చింది గానీ, ఏడిస్తే ఇల్లు కట్టరేమోనని భయమేసి ఆపుకున్నాను.

ఆ గోల్ ఉన్న చోటే మా వంటిల్లు వచ్చింది. జామచెట్టు, ఉయ్యాల... అడిగినవన్నీ వచ్చాయి. ఇప్పుడు ఆ కాలనీలో పిల్లలు డబ్బు కట్టి, ఎవరిదో డాబా మీద వల కట్టిన చోట గంట లెక్కన ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఆ పదకొండు ఇళ్ళ కింద ఒక క్లబ్బు ఉందని వాళ్ళకి ఎవరు చెప్తారు? మేమే కదా కట్టింది...

మీ ఇల్లు ఎవరి ఆటస్థలం మీద లేచిందో మీకు తెలుసా? తెలిస్తే కింద రాయండి... ఈ బరువు మా ఒక్కరిదే కాదని అనుకుంటాను.