మూత లేని గుంత

కంబదూరు బస్సులో మా పాప నా ఒళ్లో కూర్చుని ఫోనులో బొమ్మల సీరియల్ చూస్తోంది. ఎక్కడా ఇమడని నలుగురు పిల్లలు ఒక డొక్కు అంతరిక్ష నౌకలో గ్రహాలన్నీ తిరుగుతుంటారు. ఆ రోజు ఎండిపోయిన గ్రహం మీద నీళ్ల కోసం బోరు వేశారు. నీళ్లకు బదులు దుమ్ము ఎగజిమ్మి, బోరుబండి కూలీల్లా నలుగురూ తెల్లబడిపోయారు. ఒకడు తుమ్మితే మిగతా ముగ్గురూ వెల్లకిలా పడ్డారు. పాప పడీపడీ నవ్వింది.

పక్కసీట్లో నా ఈడు రైతు ఒకాయన కూడా తలవంచి చూస్తున్నాడు. ఆయన నవ్వలేదు. పిల్లలు నౌకెక్కి ఎగిరిపోతుంటే అడిగాడు.

"పోతాండారే! గుంత మూసినారా పాపా?"

"అది కామెడీ మామా," అంది పాప.

"నీకెన్నేండ్లు?"

"ఆరు."

ఆయన నా వైపు చూశాడు. "మావానికి నాలుగు గూడా నిండలేదన్నా. బోరు మూతికి గోనెసంచి కప్పింటి, అంతే."

ఇంతలో ఆయన ఊరు వచ్చింది. దిగేటప్పుడు పాప తలమీద చెయ్యి పెట్టబోయి, వెనక్కి తీసుకున్నాడు.

నీళ్లు పడకపోతే గుంతలో దించిన కేసింగు పైపు పెరికి ఇంకో బోరుకు దాచుకోవడం, గుంతను అలాగే వదిలేయడం మా వైపు అందరూ చేసేదే. మా చేలో నీళ్లు పడని బోరు మీద కూడా అప్పటికి గోనెసంచే ఉంది. బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా చేనికి పోయి, బండరాయి దొర్లించి దాని మూతి మూశాను.

పాప ఇప్పటికీ ఆ భాగం పెట్టుకుని నవ్వుతుంది. నౌక వెళ్లిపోయాక కూడా ఆ గుంత కాసేపు అలాగే కనిపిస్తుంటుంది.