తొలిధార ఇప్పసారాకు మూడు చుక్కల నీళ్లు

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మనుమరాలు రాస్తోంది; ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను. ఇరవై ఏళ్లుగా మా చుట్టాల్లో ఎవరింట పెళ్లయినా సారా మొదటి దొప్ప నా చేతికే వస్తుంది. నేను బాగుందంటేనే మిగతావారికి పోస్తారు. అరవై తొమ్మిది ఉద్యమం సద్దుమణిగిన నాలుగైదేళ్లకు, మహబూబాబాద్‌లో ఉండే నా మరిది సాయిలు తన కొడుకు పెళ్లిలో ఆ దొప్ప తానే పట్టుకుంటానన్నాడు. "పండ్లూడినంక నాలుకకేం తెలుస్తది వదినె?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"నువ్వు పెండ్లికి కొన్న సారా సీస పట్టుకొని రా. భూపాలపల్లి అడవిల ముత్తక్క కాసే తొలిధార పక్కన పెడుదాం. ఏది ఏదో నాకు చెప్పకుండ్రి. తప్పు చెప్తే దొప్ప నీదే," అన్నాను.

జనగామలో పొద్దున ఆరింటి ప్యాసింజరు ఎక్కి వరంగల్‌లో దిగాను. సాయిలు అటు నుంచి వచ్చే బండిలో వచ్చాడు. ఇద్దరం పరకాల మీదుగా భూపాలపల్లి పోయే బస్సెక్కాం. టికెట్టు నాలుగైదు రూపాయలు, ప్రయాణం మూడు గంటలు. పరకాల దాటాక అన్నీ గతుకులే, వెనక సీట్లో మాత్రం కూర్చోకండి. సాయిలు సీసాను తువ్వాలలో చుట్టి పసిబిడ్డలా ఒడిలో పెట్టుకున్నాడు.

"ఏందన్నా, జోలపాట పాడాల్నా?" అన్నాడు కండక్టరు.

"మోకాళ్ల నొప్పుల తైలం."

"గట్లనా! మూత తీయకు. డ్రైవరుకు వాసన సోకితే అందరం గోదారిల తేల్తం."

భూపాలపల్లి నుంచి గంట నడిస్తే ముత్తక్క గూడెం. ఆమె కోయ మనిషి, నాకు పాత స్నేహితురాలు. మేం చేరేసరికి పొయ్యి మీద ఇప్పపూల కుండ ఉడుకుతోంది, ఆవిరి చల్లారి వెదురు గొట్టం వెంట చుక్కలుగా రాలుతోంది. మొదట పడిన గుక్కెడు ఆమె నేల మీద పోసింది. "అది తాగేది గాదక్కా, భూమి తల్లిది," అంది. తర్వాత పడేదే తొలిధార. నీరు కలవని ఆ సారా నాలుకను కొరికేస్తుంది.

సాయిలు తన సీసాను ఊపాడు. జొన్న గింజలంత బుడగలు లేచి అలాగే నిలిచాయి. ముత్తక్క సారాలో లేచినవి వెంటనే పగిలిపోయాయి. "సూడు వదినె, బుడగ నిలిస్తేనే సారాకు జోరు. జోరంటే గిది!" అని మురిసిపోయాడు.

నేను వెనక్కి తిరిగి కూర్చున్నాను. ముత్తక్క రెండు మోదుగాకు దొప్పల్లో పోసి ఇచ్చింది. రెండూ నాలుక మీద వేసుకున్నాను. నిజం చెప్పాలంటే తేడా తెలియలేదు. రెండూ ఒకటే మంట. నాలుక మొద్దుబారిపోయింది.

"ముత్తక్కా, జర నీళ్లియ్యి."

సాయిలు చప్పట్లు కొట్టాడు. "నీళ్లా! అప్పుడో పెండ్లిల సారాల నీళ్లు కలిపినోన్ని పందిట్లకెల్లి ఎల్లగొట్టినవ్ గదా వదినె!"

"వాడు అమ్మేటందుకు కలిపిండు. నేను వాసన లేపేటందుకు కలుపుతున్న. నోరు మూసుకొని సూడు."

వేలి కొసతో దొప్పకు మూడేసి చుక్కలు వేసి కాసేపు ఆగాను. మంట తగ్గింది. ఒక దొప్పలోంచి తెల్లవారుజామున చెట్టు కింద రాలిన ఇప్పపూల వాసన లేచింది. గుటక వేస్తే ముందు తీపి, వెనక కట్టెల పొగ. రెండోదాంట్లో చివర చేదు తగిలింది. దానివే రెండు చుక్కలు అరచేతిలో రుద్దితే జారుడుగా నురగ వచ్చింది.

"సాయిలూ, గిది తాగేదా, తలకు పోసుకునేదా? బుడగలు నిలువాలని నీకు అమ్మినోడు కుంకుడు రసం పిండిండు!"

ముత్తక్క నవ్వి నవ్వి పొయ్యి పక్కనే కూలబడింది. సాయిలూ తన అరచేతిలో రుద్ది చూసుకున్నాడు, అతనికీ నవ్వక తప్పలేదు.

పెళ్లికి ముత్తక్క సారాయే వచ్చింది. పందిట్లో సాయిలు ఒక చేత మొదటి దొప్ప, ఇంకో చేత నీళ్ల చెంబు పట్టుకుని నా ముందుకొచ్చి, "జర సూడు వదినె," అన్నాడు. ఆ రోజు నాకు తెలిసిందొకటే: మంట చూసి మురిసేవాడికి దాని వెనకున్న పువ్వు దొరకదు. నాకే ఒక్క క్షణం దొరకలేదు.

ఆ దారిన పోయేవారికి ఒక్క మాట. కడుపు నిండా జొన్న గటక తిని, పొగాకు నమలకుండా వెళ్లండి, మూడు చుక్కల నీళ్లు వేసుకున్నాకే రుచి చూడండి. ఎవరైనా నవ్వితే జనగామకు పంపండి, జవాబు నేను చెబుతాను.