మిద్దె మీద దీపం, అక్క చేతిలో చాట

దయ్యాలున్నాయంటే నేను చిన్నప్పుడు కూడా నమ్మలేదు. ఆ రోజుల్లో మా నల్లగొండ పల్లెల్లో చీకటి పడితే మనుషులకే భయపడేవాళ్ళం. దయ్యాలకు కూడా భయపడే తీరిక ఎవరికుంది? ఇప్పుడు ఎనభై దాటాను. పిల్లలు చుట్టూ చేరి భయపెట్టే కథ చెప్పమంటే నా దగ్గర లేవు పొమ్మంటాను. ఇది మా అక్క విషయం. ఆమె బతికున్నన్నాళ్ళు నేను దీన్ని ఆమె పేరుతో ఎక్కడా ఎత్తలేదు.

అక్క పేరు సాయమ్మ. మర్రిగూడ దిక్కు ఒక పల్లెకు ఇచ్చాం. బావ మల్లయ్య నిజాంకు ఎదురు నిలిచిన సంఘంలో తిరిగేవాడు. రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్నప్పుడు తప్పించుకుని సరిహద్దు దాటి ఆంధ్రా వైపు పోయాడు. ఆ వెనకే నేనూ పోయి బెజవాడలో ఒక బియ్యం మిల్లులో కుదిరాను.

పోలీసు చర్య జరిగాక, అంతకుముందు పారిపోయిన వాళ్ళంతా ఒక్కొక్కరే ఇళ్ళు చేరారు. బావ చేరలేదు. రజాకార్లు పోయినా, సంఘం మనుషుల కోసం మిలిటరీ ఇల్లిల్లూ వెతుకుతోంది. సముద్రం ఒడ్డున ఏదో లైట్‌హౌస్‌లో పని దొరికిందని ఎవరి ద్వారానో ఒక్క నోటిమాట వచ్చింది. తర్వాత అదీ లేదు.

ఏడాది గడిచాక అక్క అత్తగారు నాకు కబురు పెట్టింది. కొడుకు ఉన్నాడో లేడో తేల్చుకుని ఇంటికి రమ్మంది. పేరంటానికి పోతే అక్క దగ్గరికి వచ్చేసరికి కుంకుమ భరిణె పట్టుకున్న ఆడవాళ్ళు ఆగిపోతున్నారట. బొట్టు పెట్టాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారట. అది విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

మిల్లులో సెలవు తీసుకుని ముందు తీరం పట్టుకున్నాను. ఏ లైట్‌హౌసో తెలియదు. ఇసుకలో నడవడం మా వైపు మనిషికి అలవాటు లేని పని, అడుగు తీసి అడుగు వేసేసరికి పిక్కలు పట్టేసేవి. మొదటిచోట అటువంటి మనిషి ఎవరూ లేడన్నారు. రెండోచోట మజ్జిగన్నం పెట్టి మరీ లేడన్నారు. మూడోచోటికి చేరేసరికి, ఇక్కడ కూడా లేడంటే ఇటునుంచి ఇటే ఇంటికి పోతానని నిశ్చయించుకున్నాను. ఆ ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళ పిల్లలు ఇంకా ఉండొచ్చు.

దీపం చూసే పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. "మల్లయ్యే కదండీ, మీ నైజాం మనిషి? ఉండేవాడు. ముందు కూర్చోండి" అన్నాడు. కూర్చోమన్నప్పుడే నాకు అర్థమైపోయింది.

బావ అక్కడ నూనె మోసేవాడు, అద్దాలు తుడిచేవాడు. నాగుల చవితి మర్నాడు పెద్దాయనకు జ్వరం తగిలి కింద పడుకుంటే, బావ ఒక్కడే పైన దీపం దగ్గర ఉన్నాడు. మునిమాపు వేళ కట్ట మీద ఉప్పు లారీ వచ్చింది. దాని చప్పుడు వినగానే బావ దీపం ఆర్పేశాడు.

"లారీ వస్తే దీపం ఆర్పేదేంటండీ? నాకిప్పటికీ అర్థం కాలేదు" అన్నాడు పెద్దాయన.

నాకు అర్థమైంది. మా ఊళ్ళలో లారీ చప్పుడైతే ప్రతి ఇంట్లో దీపం ఆరిపోయేది. వెలుగు కనబడిన ఇంటి మీదే రజాకార్లు ముందు పడేవాళ్ళు. ఆ పని చెయ్యి తనంతట తానే చేసేస్తుంది, మనిషి ఆలోచించేలోపే. లారీ దాటిపోయాక బావకు తానెక్కడున్నాడో గుర్తొచ్చి మళ్ళీ వెలిగించాడు. అప్పటికే ఒక పడవ దారి తప్పి ఇసుక మేట మీద బోల్తా కొట్టింది. కేకలు విని మెట్లు దిగి ఉరికాడు. ఒక మనిషిని ఒడ్డుకు లాగాడు. రెండో మనిషి కోసం మళ్ళీ పోయాడు. బావుల్లో ఈత నేర్చినవాడు, సముద్రం ఏం తెలుసు? ఇద్దరూ రాలేదు. బావ శవం కూడా దొరకలేదు.

ఆ సాయంత్రం పైకి ఎక్కి చూశాను. దీపానికి అడ్డంగా ఒక రేకు తెర లేస్తూ దిగుతూ ఉంది. రెండుసార్లు గబగబా వెలుగు, ఆ తర్వాత చాలాసేపు చీకటి, మళ్ళీ రెండుసార్లు. ఒక్కో లైట్‌హౌస్‌కు ఒక్కో వరస ఉంటుందని, దాన్ని బట్టే పడవవాళ్ళు ఏ తీరమో పోల్చుకుంటారని పెద్దాయన చెప్పాడు. మిగతా రెండుచోట్లా నేను చూసినవి ఇలా లేవు. ఆ రాత్రి అక్కడే కింద పడుకున్నాను. కళ్ళు మూసుకున్నా ఆ వరస పోలేదు.

తర్వాత ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బస్సులు, దుమ్ము. నల్లగొండలో ఒక సిపాయి నా మూట విప్పి చొక్కాలు నేల మీద పరిచాడు. అక్కడి నుంచి కొంత దూరం బండి, కొంత కాలినడక. దారంతా అక్కతో ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ పోయాను. ఊరు కనబడినప్పుడు సంతోషించాల్సింది పోయి, ఇంకో రెండు కోసులు ఉంటే బాగుండునని అనిపించింది.

అక్క కాళ్ళకు నీళ్ళిచ్చింది, జొన్నరొట్టె పెట్టింది. బావ గురించి ఒక్క మాట అడగలేదు. అది నాకు వింతగా తోచింది. తిన్నాక అత్తగారు నన్ను పశువుల కొట్టం వెనక్కి పిలిచింది.

"మీ అక్కకు జర బుద్ధి చెప్పు బిడ్డా. పొద్దుగూకంగనె మిద్దెక్కి దీపం వెడ్తాంది. ఊరోళ్ళంత కోపం మీదున్నరు. గుట్టల్ల ఉన్న సంఘం దళపోళ్ళకు సైగ చేస్తున్నమని మిలిటరోళ్ళు వచ్చి పట్టుకపోతె మాకెవ్వలు దిక్కు?"

ఎప్పటి నుంచి అని అడిగాను.

"నాగుల చవితికి పుట్టల పాలు పోసొచ్చిన తెల్లారి సంది."

కాకతాళీయం అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

పొద్దు కుంకింది. ఊరంతా చీకటి. పోలీసు చర్య అయిపోయి అంత కాలమైనా ఆ ఊళ్ళో తలుపులు మూసుకునే దీపం పెట్టుకునేవాళ్ళు. అక్క నిచ్చెన ఎక్కింది. వెనకే నేనూ ఎక్కాను. మిద్దె మీద ఒక పగిలిన కుండ బోర్లించి ఉంది, పగిలిన వైపు తూర్పుకు. అందులో ఆముదం దీపం పెట్టింది. పక్కన కూర్చుని చాట తీసుకుని దీపానికి అడ్డం పెట్టింది.

తీసింది, పెట్టింది. తీసింది, పెట్టింది. ఆ తర్వాత చాట అడ్డంగానే ఉండిపోయింది, చాలాసేపు. మళ్ళీ రెండుసార్లు.

ప్రయాణంలో అలసిపోయాను కాబట్టి కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని అటు తిరిగి ఎదురింటి గోడ మీద పడే వెలుతురు చూశాను. అదే వరస. అక్క మణికట్టు పట్టుకుని కాసేపు ఆపాను. వదలగానే చెయ్యి మళ్ళీ అదే వరసలో పడింది. అక్క సముద్రం చూడలేదు. ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. బావ పంపిన నోటిమాటలో పని దొరికిందన్నది తప్ప ఇంకో ముక్క లేదు.

"గిట్ల చెయ్యుమని ఎవరు చెప్పిన్రక్కా?"

"ఎవ్వలు చెప్పలే తమ్మీ. చెయ్యి గట్లనే పోతది. ఆపితె నాకు ఊపిరాడది."

ఇక దాచడం నా వల్ల కాలేదు. దారంతా కూర్చుకున్న మాటలన్నీ పోయి, పెద్దాయన చెప్పింది చెప్పినట్టు చెప్పేశాను. లారీ, దీపం, పడవ, నీళ్ళు. అక్క ఏడవలేదు. చేతిలో చాట ఆగలేదు.

"దీపం ఊదుడు ఆయనకు నేర్పింది నేనే" అంది. "లారీ సప్పుడైతె అందరికంటె ముందు ఉరికేది నేను. ఆయన నవ్వెటోడు, గంత భయమేందే అని. నేనే కొట్లాడి నేర్పిన."

చాట మళ్ళీ రెండుసార్లు తీసి పెట్టి, "అయితె ఇంకా ఆయనకు ఒడ్డు దొరకలే" అంది.

ఆ మాటకు నేను ఏడ్చాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు.

కిందికి దిగి అత్తగారికి చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, బయటికి వినబడితే ఊరికి తెలుస్తుందని. మర్నాడు సాయంత్రం అక్క నిచ్చెన దగ్గరికి పోతుంటే ఆ ముసలామె వంటింట్లోంచి ఆముదం గిన్నె పట్టుకుని వచ్చింది.

"గీ నూనె సాలుతదా?" అని అడిగింది.

ఆ సాయంత్రమే ఊరివాళ్ళు వచ్చారు. చేతుల్లో కర్రలున్నాయి. వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళకూ పిల్లలున్నారు. నేను ఏదో సర్దిచెప్పబోతే అత్తగారు నన్ను పక్కకు నెట్టి నిచ్చెన ముందు నిలబడింది.

"నా కొడుకు నీళ్ళల్ల ఉన్నడు. ఆడు ఒడ్డెక్కేదాక ఎవ్వలు గీ నిచ్చెన ఎక్కొద్దు."

వాళ్ళలో ఒకరిద్దరి ఇళ్ళలోనూ పోయినవాళ్ళు తిరిగి రాలేదు. చివరికి ఒక పెద్దమనిషి "రేపటి దాక సూస్తం" అన్నాడు. వెళ్ళిపోయారు.

మర్నాడు సాయంత్రం నేను మిద్దె మీదే ఉన్నాను. ఎప్పటిలాగే రెండుసార్లు వెలుగు చూపి అక్క చాట అడ్డం పెట్టింది. మళ్ళీ తీయాల్సిన వేళ వచ్చింది. తీయలేదు. నేను ఎదురు చూశాను. అక్క చాట పక్కన పెట్టి, రెండు వేళ్ళతో వత్తి నలిపి దీపం ఆర్పింది. నిచ్చెన దిగి అత్తగారి పక్కన కూర్చుంది.

"ఒడ్డెక్కిండు" అంది.

ముసలామె తలుపు వైపు చూసింది. "ఇంటికొస్తుండా?"

"ఇంటికి కాదత్తా. ఒడ్డుకే."

అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని అప్పుడు ఏడ్చారు, గొంతెత్తి, ఊరంతా వినేలా. పొద్దున్నే అక్క తన గాజులు తానే తీసి అత్త చేతిలో పెట్టింది. శవం లేకుండానే దినాలు చేశాం. కర్రలు పట్టుకుని వచ్చినవాళ్ళే దగ్గరుండి చేయించారు.

నేను బయల్దేరే ముందు అక్కను ఒక్కసారి చాట పట్టి చూపించమన్నాను. పట్టుకుంది. అటూ ఇటూ ఊపింది. ఏ వరసా లేదు, పొట్టు చెరిగినట్టు ఉంది. రెండు మూడుసార్లు ప్రయత్నించి, "యాదికొస్తలేదు తమ్మీ" అని చాట పక్కన పెట్టి నాకు దారికి రొట్టెలు కట్టింది.

ఇందులో నాకు అర్థం కానిది నాకు అర్థం కాకుండానే ఉండిపోయింది. చదువుకున్నవాళ్ళు ఒకరిద్దరిని పేర్లు మార్చి అడిగితే ఏవేవో చెప్పారు. ఆ వరస అక్క చేతికి ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. అక్క దీపం ఆర్పిన ఆ సాయంత్రం తీరానికి ఏమైనా కొట్టుకొచ్చిందా అని లైట్‌హౌస్ పెద్దాయనకు ఒక కార్డు రాస్తే తెలిసిపోయేది. రాయలేదు. వచ్చిందని జవాబిస్తే ఆ తర్వాత నేను ఎలా నిద్రపోవాలో తెలియదు. రాలేదని జవాబిస్తే అక్కకు ఏం చెప్పాలో తెలియదు.