చదివి వినిపించే మనిషి

మెదడులో రక్తం గడ్డకట్టినా మా ఆయన కాళ్లూ చేతులూ పడిపోలేదు. మాట కూడా తడబడలేదు. అంతా బాగుందని దవాఖాన మంచం పక్కన కూర్చుని దేవుడికి దండం పెట్టుకుంటుంటే, ఆయన ఎదుటి గోడ మీది బోర్డు వైపు చాలాసేపు చూసి, "గిది ఏ భాషల రాసిన్రే?" అని అడిగారు. చెప్పులు బయట విడువండి అని పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో ఉందక్కడ.

"చదువు పోయిందమ్మా," అన్నాడు వరంగల్ డాక్టరు. "మీరు చెప్తే రాస్తడు. రాసింది మాత్రం ఆయనే చదువలేడు. రోజూ అక్షరాలు చూపియ్యండి. కొన్ని నెలలల్ల రావచ్చు, రాకపోవచ్చు."

రాకపోవచ్చు అన్న మాట ఆయనా విన్నారు. ఇంటికి వచ్చేదాకా బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. బస్సు కండక్టరుగా బతుకంతా గడిపిన మనిషి, ఎదురొచ్చే బస్సుల బోర్డులు చదవలేక కళ్లు మూసుకున్నారు.

నేను బడికి పోయినదాన్ని కాదు. సాయంత్రం దీపం పెట్టాక దేవుడి గూటి ముందు కూర్చోబెట్టి మా బాపు నేర్పిన అక్షరాలే నావి. అందుకే చదువు అంటే నాకు ప్రసాదం లెక్క. అది ఒకరి చేతిలోంచి జారిపోతే ఎట్లా ఏరి ఇవ్వాలో మాత్రం బాపు చెప్పలేదు.

రిటైరైనప్పటి నుంచి ఆయనకు పొద్దున జనగామ గ్రంథాలయానికి పోవడం అలవాటు. పేపర్ల హాలులో ఒక పద్ధతి ఉండేది. పేపరును విడదీసి ఎవరి షీటు వాళ్లు తీసుకుంటారు కానీ, జిల్లా పేజీ మాత్రం ఆయన వచ్చేదాకా ఎవరూ ముట్టుకోరు. మార్కెట్ హమాలీలు, ఆటోవాళ్లు, పని మీద పట్నం వచ్చిన రైతులు కాసేపు ఫ్యాను కింద కూర్చోవడానికి వస్తారు. వాళ్లలో చదువు రానివాళ్లకు కిటికీ దగ్గరి బల్ల మీద ఆయన ఆ పేజీ చదివి వినిపించేవారు. గ్రంథాలయంలో మాట్లాడవద్దని రాసి ఉన్నా, లైబ్రేరియన్ ఆ ఒక్క బల్లను చూసీ చూడనట్టు వదిలేసింది.

ఆ లైబ్రేరియన్ అమ్మాయిది గూడూరు దిక్కు. మా సంగతి తెలిసి తనే ఇంటికి వచ్చింది. "పెద్దమ్మా, సారును తోలుకరా. మస్తు సామానున్నది మా దగ్గర, ఏదో ఒకటి పని చేస్తది," అంది. ఆమె మేలు మరిచిపోలేను. శనివారం పిల్లలకు కథలు చెప్పే గదిలోంచి అక్షరాల అట్టలు తెచ్చి ఇచ్చింది. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, చెవులకు పెట్టుకుని పుస్తకాలు వినే ఏర్పాటు చూపింది. పై అంతస్తులో ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లలను కూడా బతిమాలి, రోజుకొకరిని ఆయన పక్కన కూర్చోబెట్టింది.

ఆయన అట్టలను తిప్పి చూసి పక్కన పెట్టారు. చెవులకు పెట్టింది తీసేశారు. "వినుడెందుకు? వినుడు అందరికీ వస్తది," అన్నారు. నేరుగా పోయి కిటికీ దగ్గర తన కుర్చీలో కూర్చున్నారు. ఎవరో జిల్లా పేజీ తెచ్చి చేతిలో పెట్టారు.

నేను బీరువాల అవతల ఆడవాళ్ల బల్ల దగ్గర భక్తి కథల పుస్తకం పెట్టుకుని కూర్చునేదాన్ని. అక్కడి నుంచి ఆయన కనిపించరు, గొంతు వినిపిస్తుంది. కొన్నాళ్లు అటు నుంచి ఏ సడీ లేదు. ఒకరోజు ఉన్నట్టుండి, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టారు. ఎక్కడో రోడ్డు పని ఆగిందని, భూపాలపల్లి దిక్కు వానలు పడుతున్నాయని, ఆపకుండా, మునుపటిలాగే. నా చేతిలో పుస్తకం మూసుకుపోయింది. ఆ సాయంత్రం గుళ్లో కొబ్బరికాయ కొట్టాను. ఇంట్లో ఆయనను ఏమీ అడగలేదు. అడిగితే దిష్టి తగులుతుందని భయం.

పత్తి మార్కెట్‌కు వస్తున్న రోజులవి. దేవరుప్పుల నుంచి ఒక రైతు, మా ఆయన బస్సులో రోజూ తిరిగినవాడే, ఒక మధ్యాహ్నం గ్రంథాలయానికి వచ్చాడు. లుంగీ మోకాళ్ల దాకా తడిసి ఉంది. నేను అప్పుడే ఆయనకు మాత్ర ఇవ్వడానికి కిటికీ దగ్గరికి పోయాను.

"మార్కెట్ బందున్నదన్నా," అన్నాడు రైతు, నేల మీద కూర్చుంటూ. "గేటుకు తాళమేసిన్రు. ట్రాలీ నిండ పత్తి తెచ్చిన. రోడ్డు మీదనే వాన పట్టుకున్నది. మొత్తం నానింది."

"బందా? నిన్న ఉంటదని నేను..." ఆయన ఆగిపోయారు.

"నువ్వు మంచిగనే చదివినవన్నా. నేను అడిగితే పేజీ మొత్తం చూసి మరీ చెప్పినవ్, రేపు మార్కెట్ ఉన్నదని. ఆ పేపరోళ్లే తప్పు రాసినట్టున్నరు. వాళ్లకేం ఎరుక మన పరేషాన్."

పక్కన ఉన్న హమాలీ తల దించుకున్నాడు. ఆటో అతను లేచి నిలబడి, ఏం చేయాలో తోచక ఫ్యాను స్విచ్ దాకా పోయి వచ్చాడు. మా ఆయన చేతిలోని షీటును మడిచారు, మళ్లీ విప్పారు.

"పేపరోళ్లు కాదు," అన్నారు. "నేనే. నాకు చదువ రాదు ఇప్పుడు. పొద్దుగాల టీవీల విన్నది చెప్తున్న. మార్కెట్ సంగతి టీవీల రాలే, ఉంటదనుకొని చెప్పిన."

"ఊకో సారూ," అన్నాడు ఆటో అతను. "కండ్లద్దాలు మార్చాలె, గంతే."

"కండ్లు మంచిగనే ఉన్నయ్‌రా."

ఆ రైతు కోపం చేసుకుని ఉంటే బాగుండేది. అతను లేచి ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే అన్నా, ఆరబెట్టుకుంట," అన్నాడు. తడిసిన పత్తికి ఏం ధర పలుకుతుందో అక్కడ అందరికీ తెలుసు. మా ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే కొంగు అందివ్వడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

బయటికి వచ్చాక హమాలీని అడిగాను, "నీకు ముందే ఎరుకనా తమ్మీ?"

"ఫస్టు రోజే ఎరుకక్కా. షీటు తిరగేసి సినిమా పేజీ దిక్కు చూసుకుంట రోడ్ల సంగతి చదివిండు. మేమందరం పొద్దుగాల టీవీల చూసిందే. సారు సంబురం ఎందుకు చెడగొట్టాలె అని ఎవ్వరం అనలే. ఆ దేవరుప్పులాయన చేను కాడ పండుకుంటడు, టీవీ సూడడు. అది మాకు యాదికి రాలే."

వాళ్ల మంచి మనసుకు దండం పెట్టాలనే అనిపించింది. పెట్టాను కూడా.

ఆ తర్వాత ఆయన ఇల్లు కదలలేదు. లైబ్రేరియన్ మళ్లీ వచ్చింది. గేటు దగ్గర నల్లబల్ల పెట్టించానని, మార్కెట్ కబుర్లు రోజూ దాని మీద రాయాలని చెప్పింది. "పెద్దమ్మ పేపరు చూసి చెప్తది, నువ్వు రాయి సారూ. నీ చేతిరాత ఎవరికొస్తది?" అని బతిమాలింది. ఎంతో ఆలోచించి చెప్పిందని, ఆ పిల్ల చల్లగా ఉండాలని మొక్కుకుని ఆయనను తీసుకుపోయాను.

నేను చెప్పాను. ఆయన రాశారు. సోమవారం నుంచి మార్కెట్‌లో పత్తి కొంటారు. తాడు కట్టి గీసినట్టు ఒకే వరుసలో, గుండ్రటి అక్షరాలు. లైబ్రేరియన్ నవ్వింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, దవాఖానలో గోడ వైపు చూసినట్టే ఆ బల్ల వైపు చూశారు.

"ఏం రాసిన?"

"నేను చెప్పిందే రాసిన్రు."

"సోమవారమేనా? మంగళవారం అని రాసి ఉంటే?"

"సోమవారమే. నేను చూస్తున్న కదా."

"నువ్వు చూస్తున్నవ్." ఆయన జేబురుమాలు తీసి బల్లంతా తుడిచేశారు. "నేను రాసింది నిజమో అబద్ధమో నాకే తెల్వదు. దాన్ని నమ్మి ఇంకొకడు బండి కట్టుకొని రావాలెనా?"

లైబ్రేరియన్ నా ముఖం చూసింది. నాకు వచ్చిన స్తోత్రాల్లో ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. గేటు అవతల ఇద్దరు ఆడవాళ్లు, నెత్తి మీద పత్తి మూటలతో, బల్ల మీద ఏముందో చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా అన్నట్టు నిలబడి చూస్తున్నారు. ఆయన సుద్దముక్కను నా చేతిలో పెట్టి, పోయి అరుగు మీద రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నారు. నా వంకర అక్షరాలతో నేనే రాయడం మొదలుపెట్టాను.