నేను చెరిపిన ఐదు గీతలు

మొన్న ఖమ్మం కంటి దవాఖానాలో నా భక్తి వల్ల ఆపరేషన్లు ఆగిపోయాయంటే నమ్ముతారా? ముందు వినండి, తర్వాత నవ్వుదురుగాని.

మా ఆయనకు శుక్లం ఆపరేషన్. భయంతో ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేసిన మనిషి. ఈసారి ఆగిందంటే ఇక దవాఖానా గడప తొక్కడు. బతిమాలి, సారపాక నుంచి మొదటి బస్సుకే తీసుకెళ్ళాను.

సిస్టర్ ధైర్యం చెప్పింది. "ఇప్పుడు మా దగ్గర కొత్త పద్ధతి అమ్మా. ఒకరు లోపల ఉండంగనే తర్వాతోళ్ళు బెంచీ మీద రెడీగుంటరు. టేబుల్ ఒక్క నిమిషం ఖాళీగుండదు. జల్దీ ఇంటికి పోతరు."

నేను మందులు కొనుక్కొని వచ్చేసరికి బెంచీ మీద ఐదుగురు, ఆకుపచ్చ గౌన్లలో. చివరన మా ఆయన. చుక్కలు వేశారని అందరూ కళ్ళు మూసుకున్నారు. ఒక్కొక్కరి కనుబొమ్మ మీద వంకర నల్ల గీత! రాసేటప్పుడు పెన్ను తగిలిందేమో అనుకున్నాను. ఆపరేషన్‌కు పోతూ నొసట బొట్టు లేదు, పైగా ఈ మరకా?

కొంగు తడిపాను. రుద్దితే గానీ పోలేదు సుమండీ! ఊరేది, ఏ కన్ను అని మిగతా నలుగురినీ పలకరిస్తూ ఐదుగురికీ తుడిచి, భద్రాద్రి రామయ్య కుంకుమ పెట్టాను. అందరూ దండం కూడా పెట్టారు.

సిస్టర్ వచ్చి గుండె పట్టుకుంది. "అయ్యో! ఏ కంటికి చెయ్యాలో గుర్తు పెట్టిన గీతలు ఏయి? ఎవరు తుడిచిన్రు?"

ఐదుగురూ కళ్ళు తెరవకుండానే నా దిక్కు వేలు చూపించారు.

"కుంకుమ కంట్ల పడితే ఏంది గతి?" అంటూ అందరి మొహాలూ కడిగించింది. లోపల టేబుల్ ఖాళీ. డాక్టరమ్మ బయటికి వచ్చి నిలబడింది. మా ఆయన మెల్లగా లేచి, "ఇయ్యాల కాదంట. పోదాం పా" అన్నాడు.

ఆయన చెయ్యి పట్టి మళ్ళీ కూర్చోబెట్టాను. చుట్టాల పెళ్ళిరోజులు, తద్దినాల తిథులు, పిల్లల నక్షత్రాలు అన్నీ నన్నే అడుగుతారు. ఆ ధైర్యంతో అన్నాను: "నాకన్నీ గుర్తున్నాయమ్మా. ముదిగొండ అక్కది కుడి. ఎర్రుపాలెం తాతది ఎడమ. ఈ తమ్ముడిది ఎడమ. పెద్దమ్మది కుడి."

సిస్టర్ ఫైళ్ళు తిప్పింది. "అవ్, అన్నీ కరెక్టే!"

"మా ఆయనది ఎడమ."

సిస్టర్ ఫైలు చూసింది. నన్ను చూసింది. "కుడి, అమ్మా."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ, "మీ గుర్తు ఉండనీయండి, నేనే చూస్త" అని ఐదుగురినీ మళ్ళీ పరీక్షించి, గీతలు పెట్టించి, అందరికీ చేసింది. రాముడి దయ, మా ఆయనకూ అయిపోయింది.

బస్సులో ఒంటికన్నుతో నన్నే చూస్తూ అడిగాడు: "ఊరందరి కండ్లు యాదికున్నయ్. నలభై ఏండ్ల సంది ఎదురుంగ ఉన్నయి యాదికి లేవా?"

రెండో కంటికి వచ్చే నెల రమ్మన్నారు. సిస్టర్ చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది: 'ఎడమ కన్ను. తోడుగా భార్య తప్ప ఎవరైనా రావచ్చు.'