నయోమి వదినె ఇంట్ల చాయ్

నవ్వకుండ్రి! నిన్నటి సంది మా పురానాపూల్ బస్తీల అందరూ నా మొఖం జూసి గిట్లనే నవ్వుతున్నరు. ఒక్క కప్పు చాయ్ నన్ను గీ గతికి తెచ్చింది. కూసోండ్రి, చెప్త.

మా బిడ్డ గ్రేసీకి జల్‌పల్లి నుంచి సంబంధమొచ్చింది. పిల్లగాడు మంచోడు, సర్కారు కొలువు. దానికి మస్తు నచ్చిండు. నా ఫికరంతా అత్త గురించే. పాస్టరయ్యనడిగితే, "ఆమె పేరు నయోమి అమ్మా. హీబ్రూ పేరు, మధురమని అర్థం. ఎన్కట బైబిల్ల గా పేరున్న అత్తను కోడలు ఇడిసిపెట్టి పోనే పోలేదు. ఏవో వేషాలు గిట్ల ఏస్తదట, అంతే" అన్నడు. నా పానం నిమ్మళమైంది.

ఒక ఆదివారం నేనూ మా ఆయన పోయినం. తలుపు తెరిచిన మనిషిని జూసి నా కాళ్లు గడపలనే ఆగినయ్. సీరియల్ల రోజూ కోడల్ని రాచి రంపాన పెట్టే అత్త! ఆ వారమే వియ్యపురాలి చాయ్‌ల ఏందో కలిపింది. కండ్లార చూసిన!

"రాండ్రి వదినె, లోపలికి రాండ్రి" అని నవ్వింది. సీరియల్ల గూడ గట్లనే నవ్వుతది, చాయ్ కలిపే ముందు!

కూసోబెట్టి ముచ్చట చెప్పింది. చిన్నప్పుడు నాటకాలట, తర్వాత సినిమాలల్ల హీరోయిన్ దోస్తట, ఆనక హీరో తల్లట. "ఇన్నేండ్లు మంచిదాని వేషాలేస్తే ఎవ్వరూ గుర్తుపట్టలే వదినె. సీరియల్ల అత్తనైనంక కూరగాయలామె గూడ తిడుతున్నది" అన్నది. పాపమనిపించింది. గంతల్నే చాయ్ తెచ్చింది. నాకేం సమజైతలేదు. పేరు ఒకటి చెప్తున్నది, మొఖం ఇంకోటి చెప్తున్నది, ఏది నమ్మాలె? మా ఆయనైతే జుర్రుకుంట తాగుతుండు. ఎప్పుడు కండ్లు తేలేస్తడో అని నేను ఆయన్నే చూస్తున్న!

ఆమె బిస్కట్ల కోసం లోపలికి పోంగనే, సోఫా పక్కనున్న పూలకుండీల నా చాయ్ గుమ్మరించిన. కొంగుతోని మూతి తుడుసుకోని, ఏమెరగనట్టు క్యాలెండర్ దిక్కు చూస్తున్న. గది ప్లాస్టిక్ చెట్టని నాకేం తెలుసు! కుండీల మట్టే లేదు. అడుగున బొక్కలకెళ్లి చాయ్ తెల్లటి టైల్స్ మీద పారుకుంట పోయి, బిస్కట్లు తెస్తున్న ఆమె కాళ్లకాడ ఆగింది.

చాయ్‌ని జూసింది. కుండీని జూసింది. నన్ను జూసింది. అయిపోయింది, నా బిడ్డ పెండ్లి నా చేతులతోనే చెడగొట్టిన అనుకున్న. ఏడుపొచ్చింది.

ఆమె ఇంకో కప్పుల చాయ్ పోసి, ముందు తనే ఒక గుటక తాగి నా చేతికిచ్చింది. "ఇగ తాగు వదినె, ఏం కాదు."

సిగ్గుతోని సచ్చిపోయిన. తాగినంక మెల్లగ అడిగింది, "ఎట్ల గుమ్మరించినవ్, ఎటు జూసినవ్? మళ్లొకసారి చూపియ్యి."

నేను చూపిచ్చిన! మొత్తం చూపిచ్చిన.

సంబంధం ఖాయమైంది, దేవుని దయ. గా చాయ్ ముచ్చట గ్రేసీకి చెప్పి, నేను మర్చేపోయిన. నిన్న సాయంత్రం బస్తీ ఆడోళ్లంత మా ఇంట్ల ఉండంగ టీవీ పెడితే, సీరియల్ల అత్త పూలకుండీల చాయ్ గుమ్మరించింది, కొంగుతోని మూతి తుడుసుకున్నది, క్యాలెండర్ దిక్కు జూసింది. మా ఆయన చేతిల రిమోట్ గట్లనే ఉండిపోయింది.

గ్రేసీ పొట్ట పట్టుకోని నవ్వుకుంట అన్నది, "అమ్మా, మా అత్త మస్తు మంచిదే. టీవీల ఉన్న చెడ్డ మనిషివి నువ్వే!"